విద్యుత్ కారుకు ‘ట్యాక్స్ లేదు’ అన్న మాటలో ఏముంది: మూడేళ్ల అనుభవం

2023 జనవరిలో తిరుపతిలో విద్యుత్ కారు కొన్నాను. దాదాపు మూడేళ్లలో 46 వేల కిలోమీటర్లు తిరిగాను. ఈ కార్ల బ్యాటరీ గురించి, ఒక్క ఛార్జికి ఎంత దూరం వస్తుందన్న దాని గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. పన్ను, రిజిస్ట్రేషన్, వాటి వెంట వచ్చే కాగితాల గురించి కొన్నవాడే కూర్చుని రాసింది మాత్రం నాకు పెద్దగా కనిపించలేదు. కొనే రోజుల్లో నన్ను ఎక్కువగా తికమక పెట్టింది ఆ భాగమే కాబట్టి, ఇక్కడ దాని గురించే రాస్తున్నాను.

షోరూమ్‌లో ఇచ్చిన కొటేషన్‌లో ఎక్స్‌షోరూమ్ ధర 11,29,000 రూపాయలు. దాని కింద ‘లైఫ్ ట్యాక్స్: నిల్’ అని, అంటే బండి జీవితకాలానికి ఒకేసారి కట్టే పన్ను లేదని ఉంది. ఆ కిందనే ‘రిజిస్ట్రేషన్, ఇతర ఖర్చులు: 14,500’ అని ఉంది. పన్ను లేదు, రిజిస్ట్రేషన్ ఫీజు లేదు అని నోటితో చెప్పి, కాగితం మీద ఈ అంకె ఎందుకు వేశారని అడిగాను. అక్కడి కుర్రవాడు మర్యాదగానే, “అది అందరూ కట్టేదే సార్, ప్యాకేజీలో భాగం” అన్నాడు. ఆ మొత్తాన్ని విడదీసి, ఏది ఎవరికి కడుతున్నారో రాసివ్వమన్నాను, రాసిచ్చే దాకా అడ్వాన్సు కట్టనని చెప్పి వచ్చేశాను. రెండు రోజుల తర్వాత వచ్చిన కాగితంలో ప్రభుత్వానికి చేరే మొత్తం మూడు వేలు కూడా దాటలేదు. మిగిలిందంతా ‘సర్వీస్ ఛార్జి’. ప్రభుత్వ రసీదు ఉన్నవాటికి మాత్రమే డబ్బు కడతానని చెప్పాను, కొంత మాటామంతీ అయ్యాక వాళ్లూ ఒప్పుకున్నారు. గొడవ పడాల్సిన పని లేకపోయింది. విడదీసి రాయమని అడగడమే సరిపోయింది.

ఆ రెండు రోజుల్లో నేను తెలుసుకున్నది ఏమిటంటే, మనం ఒకే ఊపిరిలో అనేసే ‘ట్యాక్సూ రిజిస్ట్రేషనూ ఫ్రీ’ అన్న మాటలో ఒకదానికొకటి సంబంధం లేని రెండు మినహాయింపులు ఉన్నాయి. మొదటిది రిజిస్ట్రేషన్ ఫీజు. ఇది కేంద్ర మోటారు వాహనాల నిబంధనల కింద వసూలు చేసేది. బ్యాటరీతో నడిచే వాహనాలకు ఆర్‌సీ ఇవ్వడానికీ, దాన్ని పునరుద్ధరించడానికీ, కొత్త నంబరు కేటాయించడానికీ ఫీజు తీసుకోనక్కర్లేదని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2021 ఆగస్టులో నోటిఫికేషన్ ఇచ్చింది. వినడానికి ఘనంగా ఉన్నా, కారు మొదటి రిజిస్ట్రేషన్‌కు ఆ ఫీజు 600 రూపాయలే. 15 ఏళ్ల తర్వాత చేయించే పునరుద్ధరణకు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు పెట్టారు కాబట్టి, అంతకాలం బండి ఉంచుకునేవారికి అప్పుడు కొంత లాభం తెలుస్తుంది. రెండోది లైఫ్ ట్యాక్స్. ఇది రాష్ట్రానిది. వాహనాల మీద పన్ను వేసే అధికారాన్ని రాజ్యాంగం రాష్ట్రాల జాబితాలో పెట్టింది, మన దగ్గర 1963 నాటి మోటారు వాహనాల పన్నుల చట్టం కింద వసూలు చేస్తారు. అసలు డబ్బంతా ఇక్కడే ఉంది.

లెక్క చెబితే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. మన రాష్ట్రంలో 2021 చివర్లో చేసిన చట్ట సవరణ ప్రకారం 5 లక్షల లోపు కారుకు 13 శాతం, 5 నుంచి 10 లక్షల వరకు 14 శాతం, 10 నుంచి 20 లక్షల వరకు 17 శాతం, ఆపైన 18 శాతం లైఫ్ ట్యాక్స్ అయింది. నేను కొన్న ధరకే పెట్రోలు కారు కొని ఉంటే 17 శాతం లెక్కన లక్షా 92 వేల దాకా కట్టవలసి వచ్చేది. 2018 నాటి రాష్ట్ర ఎలక్ట్రిక్ మొబిలిటీ విధానం వల్ల నేను ఆ పన్ను కట్టలేదు. అంటే 600 రూపాయల మినహాయింపునూ, దాదాపు రెండు లక్షల మినహాయింపునూ ఒకే మాటలో కలిపి చెప్పేస్తున్నారన్నమాట. మొదటిది ఉంది కదా అని రెండోదీ ఉంటుందనుకుంటే నష్టపోయేది కొనుక్కునేవారే. రాష్ట్రం ఇచ్చే మినహాయింపునకు గడువు ఉంటుంది. 2018 విధానం ఐదేళ్ల కోసం చేసింది. తర్వాతి విధానం 2024 డిసెంబరులో వచ్చింది. బుక్ చేసిన రోజున అమల్లో ఉన్న ఉత్తర్వును చూసి నిశ్చింతగా ఉండటం సరికాదు, మనకు వర్తించేది రిజిస్ట్రేషన్ నాటికి అమల్లో ఉన్న ఉత్తర్వే. డెలివరీ కోసం మూడు నాలుగు నెలలు ఎదురుచూసే కార్ల విషయంలో ఇది చాలా పెద్ద తేడా. అందుకే కొనబోయేవాళ్లు నన్ను అడిగితే, షోరూమ్ మాటను అటుంచి, మీ ఊరి రవాణాశాఖ కార్యాలయానికి వెళ్లి ఈ నెలలో ఇదే మోడల్‌కు పన్ను ఎంత వేస్తున్నారో స్వయంగా అడిగి రమ్మని చెబుతున్నాను.

జీఎస్టీ సంగతి త్వరగా చెప్పేస్తాను. విద్యుత్ వాహనాలపై అది 2019 ఆగస్టు 1 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అది ఎక్స్‌షోరూమ్ ధరలోనే కలిసి ఉంటుంది కాబట్టి మనం విడిగా చేయవలసింది ఏమీ లేదు. నా ఇన్వాయిస్‌లో కారు అసలు విలువ 10,75,238 రూపాయలు, జీఎస్టీ 53,762 రూపాయలు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది టీసీఎస్. కారు ధర 10 లక్షలు దాటితే అమ్మేవారు ఒక శాతం పన్నును కొనేవారి దగ్గర వసూలు చేసి, వారి పాన్ మీద ఆదాయపు పన్ను శాఖకు జమ చేయాలి. నా విషయంలో అది 11,290 రూపాయలు. ఇది ఖర్చు కాదు. రిటర్ను వేసేటప్పుడు మన పన్నులో సర్దుబాటు అవుతుంది, ఎక్కువైతే వాపసు వస్తుంది. అయితే జూన్‌లో, మన పాన్ మీద జమైన పన్నులను చూపే ఫారం 26ఏఎస్ తెరిచి చూస్తే ఆ మొత్తం ఎక్కడా లేదు. షోరూమ్‌కు ఫోన్ చేసినప్పుడల్లా ‘మేం కట్టేశాం సార్’ అన్న జవాబే వచ్చింది. చివరికి నేరుగా వెళ్లి, టీసీఎస్ వసూలు చేసినందుకు నాకు ఇవ్వవలసిన ఫారం 27డీ సర్టిఫికెట్ తీయించి, అకౌంట్స్ చూసే అమ్మాయి పక్కన నిలబడి ఒక్కొక్క అక్షరం సరిచూస్తే, పాన్‌లో ఐదో అక్షరం తప్పు పడింది. ఆ అక్షరం మన ఇంటిపేరు మొదటి అక్షరం. నా ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, పాన్ కార్డు మీద పేరు చివర ఉంటుంది. మన తెలుగువాళ్లలో ఇలా ఉన్నవాళ్లు ఎందరో. ఆధార్ చూసి పేరు నింపుతూ పాన్‌ను ఊహతో కొట్టారని నా అనుమానం. వాళ్లు కరెక్షన్ స్టేట్‌మెంట్ వేశాక జూలై నాలుగో వారంలో ఆ మొత్తం నా 26ఏఎస్‌లో కనిపించింది, రిటర్ను గడువుకు వారం రోజుల ముందు. ఇన్వాయిస్ చేతికి వచ్చిన రోజే పాన్‌ను చదివి ఉంటే ఇంత తిరుగుడు ఉండేది కాదు.

ఆదాయపు పన్ను మాట వచ్చింది కాబట్టి ఆ చట్టంలోని 80ఈఈబీ సెక్షన్ గురించి కూడా చెప్పాలి. విద్యుత్ వాహనం కోసం తీసుకున్న రుణంపై ఏడాదికి లక్షన్నర వరకు వడ్డీని ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చు. 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 లోపు మంజూరైన రుణాలకే, అదీ పాత పన్ను పద్ధతిలో ఉన్నవారికే ఇది వర్తిస్తుంది. నా రుణం జనవరిలో మంజూరు కావడంతో నాకు అందింది. రుణం తీరే దాకా ఏటా వాడుకోవచ్చు. ఇప్పుడు కొనేవారికి ఇది లేదు. అయినా కొందరు అమ్మకపు మాటల్లో ఇంకా దీన్ని కలిపి చెబుతున్నారని వింటున్నాను, అది నాకు బాధగా ఉంది.

రిజిస్ట్రేషన్ పనిలో నాకు కష్టమేమీ కలగలేదు. తాత్కాలిక నంబరుతోనే కాణిపాకం వెళ్లి వరసిద్ధి వినాయకుడి సన్నిధిలో బండికి పూజ చేయించాం. అసలు నంబరు, ప్లేట్లు పందొమ్మిదో రోజున వచ్చాయి. మా నాన్నగారి కారుకు ‘ఏపీ 03’ ఉండేది. ఆ నంబరు చూడగానే చిత్తూరు జిల్లా బండి అని ఎక్కడైనా గుర్తుపట్టేవారు. 2019 నుంచి రాష్ట్రమంతా ఒకే ‘ఏపీ 39’ కావడంతో నా ప్లేటు చూసి ఊరు చెప్పడం ఎవరి తరమూ కాదు. ప్లేటు బిగిస్తున్నప్పుడు నేను దగ్గరే నిలబడి చూశాను. ఆకుపచ్చ నేల మీద తెల్లని అక్షరాలు, ఎడమవైపు పైన వేలి గోరంత అశోకచక్ర హోలోగ్రామ్, దాని కింద నీలిరంగులో దేశం గుర్తు, లేజరుతో చెక్కిన సన్నని అంకెల వరుస. మామూలు స్క్రూలకు బదులు ఒకసారి లోపలికి దిగితే విరగ్గొడితే తప్ప ఊడని తాళాలతో దాన్ని బిగించారు. 2018లో వచ్చిన నిబంధన ప్రకారం సొంత విద్యుత్ వాహనానికి తెల్ల అక్షరాలు, అద్దెకు తిప్పే వాహనానికి అదే ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలు. ఇప్పుడు తిరుపతిలో అందరికీ ఇది అలవాటైపోయింది గానీ, మొదటి ఏడాదిలో పార్కింగ్ దగ్గర నన్ను ‘గవర్నమెంటు బండా సార్?’ అని అడిగినవాళ్లు ఉన్నారు. ఆకుపచ్చ ప్లేటు వల్ల జాతీయ రహదారి టోల్ తగ్గుతుందని మా బంధువుల్లో ఒకరు గట్టిగా నమ్మారు. అలాంటిదేమీ లేదు, అందరిలాగే నా ఫాస్టాగ్ నుంచీ కోసుకుంటారు. పొల్యూషన్ సర్టిఫికెట్ మాత్రం అక్కర్లేదు.

బీమాలో తగ్గింపు చిన్నదే అయినా నికరమైనది. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి, ఆ ప్రీమియాన్ని ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ నుంచి విద్యుత్ కార్లకు మామూలు రేటు కంటే 15 శాతం తక్కువ. ఇంజను సీసీకి బదులు మోటారు కిలోవాట్లను బట్టి లెక్క కడతారు. నా కారు 30 నుంచి 65 కిలోవాట్ల తరగతిలోకి వస్తుంది కాబట్టి మూడేళ్లకు 9,044 రూపాయలు, దానిపై జీఎస్టీ అయింది. ఏ కంపెనీలో తీసుకున్నా ఈ భాగం మారదు, మన బండి డ్యామేజీకి కట్టే భాగమే మారుతుంది. షోరూమ్ చెప్పిన పాలసీకీ, నేను బయట తీసుకున్న పాలసీకీ ఆ భాగంలోనే తేడా వచ్చింది.

ఇక సరిహద్దు సంగతి. మాది మూడు రాష్ట్రాలు కలిసే ప్రాంతం. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం, తిరుపతి నుంచి చెన్నై మూడు గంటలు. మా అమ్మాయి, అల్లుడు చెన్నైలో ఉంటారు. 2024లో మనవడు పుట్టినప్పుడు వాళ్ల అవసరం కోసం కారును అక్కడే ఉంచాను. చూస్తుండగానే ఎనిమిది నెలలయ్యాయి. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది. అందుకు ఇక్కడి కార్యాలయం నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి, రుణం ఉంటే బ్యాంకు సమ్మతీ కావాలి. పెట్రోలు కారు అయితే ఇక్కడ కట్టిన లైఫ్ ట్యాక్సులో మిగిలిన కాలానికి వాపసు అడగవచ్చు. నేను ఇక్కడ కట్టిందే లేదు కాబట్టి అడగడానికీ ఏమీ లేదు. అక్కడ పన్ను ఉందా లేదా అన్నది ఆ రాష్ట్రం ఆనాటికి ఇచ్చిన ఉత్తర్వును బట్టే ఉంటుంది. ఇరుగుపొరుగు రాష్ట్రాలు ఒకే దారిలో నడవడం లేదు. తెలంగాణ 2024 నవంబరులో 2026 డిసెంబరు ఆఖరు దాకా పూర్తి మినహాయింపు ప్రకటిస్తే, కర్ణాటక అదే ఏడాది 25 లక్షలు దాటిన విద్యుత్ కార్లపై 10 శాతం పన్ను వేసింది. ఉద్యోగరీత్యా రెండు మూడేళ్లలో బెంగళూరుకో చెన్నైకో వెళ్లవలసినవారు, ఇక్కడ మిగిలే పన్నును చూసి తొందరపడి ఇక్కడే కొనకుండా, స్థిరంగా ఉండబోయే చోటే రిజిస్టర్ చేయించుకోవడం మేలని నా అభిప్రాయం. నేనైతే తొమ్మిదో నెల రాకముందే కారును తిరుపతికి తెచ్చేసుకున్నాను.

ఈ ఆగస్టులో రుణం ముందుగానే తీర్చేశాను. బ్యాంకు ఎన్‌వోసీ ఇచ్చింది గానీ, అంతమాత్రాన ఆర్‌సీలో బ్యాంకు పేరు పోదు. ఫారం 35 నింపి, ఆ ఎన్‌వోసీ జతచేసి రవాణాశాఖకు ఇస్తేనే హైపోథికేషన్ (బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న నమోదు) తొలగిస్తారు. అది చేయించకపోతే రేపు కారు అమ్మేటప్పుడు పని అక్కడే ఆగిపోతుంది. దరఖాస్తు పెట్టి వచ్చాను, బ్యాంకు పేరు లేని ఆర్‌సీ పోయిన వారమే వచ్చింది. ఈసారి తీసుకోగానే పేరు, ఛాసిస్ నంబరు, ఇంధనం అన్న గడి వరుసగా చదివి, ఇన్వాయిస్ పక్కన పెట్టి సరిచూశాకే ఫైలులో పెట్టాను.