పదకొండు ముక్కల్లో పనికొచ్చినవి రెండే: కారు ట్రిమ్ టూల్ సెట్, నాలుగేళ్ల వాడకం తర్వాత

నాది 2013 మోడల్ చిన్న కారు, ఉండేది అనంతపురం. డోర్ ప్యాడ్‌లు (తలుపుల లోపలివైపు కప్పే పలకలు), డ్యాష్‌బోర్డు చుట్టూ ఉండే ప్లాస్టిక్ పట్టీలు (వీటినే ట్రిమ్ అంటారు), బంపర్ కింద బటన్ క్లిప్పులు విరగ్గొట్టకుండా తీయడానికని 2021 ఎండాకాలంలో ఆన్‌లైన్‌లో 380 రూపాయలకు ఒక సెట్ తెప్పించుకున్నాను. మొత్తం 11 ముక్కలు. నైలాన్‌వి అయిదు, రెండు కాళ్ల ఇనుప ఫోర్కు ఒకటి, స్టీరియోను బయటికి లాగే సన్నని ఇనుప తాళంచెవుల్లాంటివి నాలుగు, ఎందుకిచ్చారో తెలియని బ్రష్షు ఒకటి. ఇప్పుడు డిక్కీలో ఉన్నవి ఆరు, వాటిలో నేను వాడేవి రెండే. మొదటే చెప్పేస్తున్నాను, సెట్ దండగ కాదు, ఆ రెండు ముక్కలకే డబ్బులు వచ్చేశాయి. కాకపోతే ఏది దేనికో తెలియక మొదటి ఆరు నెలలు నేను విరగ్గొట్టిన క్లిప్పుల లెక్క కూడా చెప్పాలి కదా.

కొనడానికి కారణం ఒక తలుపు. ఎడమవైపు ముందు తలుపు అద్దం దిగింది, మళ్లీ పైకి రాలేదు. ఊళ్లోనే ఒక షాపులో ఇస్తే పవర్ విండో మోటార్ మార్చారు, పని బాగానే చేశారు, అందులో అబద్ధం లేదు. కానీ డోర్ ప్యాడ్ తీసేటప్పుడు పెద్ద స్క్రూడ్రైవర్ సందులో దూర్చి ఒక్క గుంజు గుంజినారు. నేను పక్కనే నిలబడి ఉన్నా, టప టప టపమని మూడు శబ్దాలు వినబడ్డాయి. "ఏం కాదు సార్, లాక్‌లు అవి" అన్నారు. రెండు రోజుల తర్వాత గుత్తి రోడ్డు ఎక్కితే తలుపులోంచి కిటకిటకిట, పాటలు పెట్టినా వినబడేంత. ఇంటి దగ్గర నేనే మెల్లగా విప్పి చూస్తే తొమ్మిది క్లిప్పులకు నాలుగు లేవు, ఒకటి తల తెగి తలుపు రేకు రంధ్రంలోనే ఇరుక్కుని ఉంది, ప్యాడ్ అంచు మీద పంటిగాటు లాంటి గీత. ఆ గీత ఇప్పటికీ ఉంది, ఎక్కిన ప్రతిసారీ కంటపడుతుంది.

సెట్ వచ్చినప్పుడు మా వీధి చివర మెకానిక్ అన్నకు చూపిస్తే నవ్వి, "ఏమప్పా, ప్లాస్టిక్‌ను ప్లాస్టిక్‌తోనే తీస్తావా?" అన్నాడు. అవును, దాని సంగతంతా అదే. ఇనుము గీత పెడుతుంది, నైలాన్ అంత తొందరగా పెట్టదు. కారు ప్యాడ్ కన్నా టూల్ కాస్త మెత్తగా ఉంటే అరిగేది టూల్ అవుతుంది కానీ కారు కాదు.

ఇక ముక్కల సంగతి. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది వెడల్పాటి నైలాన్ బద్ద, దాదాపు రెండు వేళ్ల వెడల్పు, కొస పలచగా ఉండి మెడ దగ్గర కొంచెం వంపు తిరిగి ఉంటుంది. చెనక్కాయ ఒలిచేటప్పుడు ఎక్కడ పడితే అక్కడ నొక్కం కదా, కొస దగ్గర ముక్కు మీద నొక్కితే టక్కున రెండు డొప్పలై విచ్చుకుంటుంది. డోర్ ప్యాడ్‌కు కూడా అలాంటి ముక్కు ఒకటి ఉంటుంది, మామూలుగా కింది అంచు మూల దగ్గర. అక్కడ బద్ద దూర్చి కొంచెం ఎడం చేసి, వేళ్లతో తడుముకుంటూ మొదటి క్లిప్పు దొరికేదాకా పక్కకు జరపాలి. క్లిప్పుకు ఆనుకుని, అంటే ఒక అంగుళం లోపల, టూల్ పెట్టి లేపితేనే క్లిప్పు బయటికి వస్తుంది. రెండు క్లిప్పుల మధ్యలో పట్టి లాగితే ప్యాడ్ వంగుతుంది, కొన్ని పాత కార్లలో ప్యాడ్ వెనక ఉండేది నొక్కిన అట్టే కాబట్టి క్లిప్పు రాకుండా అట్టే చిరిగి వస్తుంది. నాకు అలా ఒకచోట చిరిగింది, ఫెవికాల్, గుడ్డ పెట్టి అతికించాను, పైకి కనబడదులెండి.

దానికన్నా ముందు స్క్రూలు. ఇది చాలామంది మర్చిపోయి టూల్‌ను తిడతారు. లోపలి హ్యాండిల్ గిన్నెలో ఒకటి, చేయి పెట్టి తలుపు లాగే చోట చిన్న మూత వెనక ఒకటో రెండో, అద్దం మూల ముక్కోణం ప్లాస్టిక్ వెనక ఒక్కోసారి ఇంకొకటి. అవి విప్పకుండా ఎంత మంచి టూల్ పెట్టినా విరిగేది ప్యాడే. క్లిప్పులన్నీ వదిలినాక ప్యాడ్‌ను బయటికి లాగకూడదు, పైకి ఎత్తాలి, పై అంచు అద్దం గాడిలో వేలాడుతూ ఉంటుంది కాబట్టి. ఎత్తగానే అలాగే పట్టుకుని స్విచ్ కనెక్టర్, హ్యాండిల్ కేబుల్ ఊడదీయాలి. నేను మొదటిసారి సంతోషంతో ప్యాడ్ ఎత్తి పక్కకు తిరిగినాను, వైరు నన్ను వెనక్కి లాగింది.

చేత్తో తిప్పే హ్యాండిల్ ఉన్న అద్దాలకైతే ఈ సెట్‌లో ఏదీ అక్కరలేదు. హ్యాండిల్ వెనక గుర్రపు నాడా ఆకారంలో ఒక తీగ క్లిప్పు ఉంటుంది. పాత బనీను గుడ్డ ఒకటి హ్యాండిల్‌కు, దాని వెనక బిళ్లకు మధ్య దూర్చి, రెండు కొసలూ పట్టుకుని బూటు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగితే గుడ్డ ఆ తీగను పట్టుకుని బయటికి తోస్తుంది. ఎగిరి ఎక్కడో పడుతుంది, కింద దుప్పటి పరుచుకోండి. మా మామ పాత వ్యాన్‌కు ఇలాగే తీశాను, వెతకడానికే అరగంట పట్టింది.

రెండో పనికొచ్చే ముక్క ఇనుప ఫోర్కు. ఇనుము గీస్తుందని చెప్పి దీన్ని మెచ్చుకోవడమేంటంటారా, దీని కాళ్లకు ఎలక్ట్రికల్ టేప్ రెండు చుట్లు చుట్టి, ప్యాడ్ కొంచెం తెరుచుకున్నాక లోపల రేకు మీద మాత్రమే ఆనించి వాడతాను. బాగా బిగిసిన క్లిప్పు మెడకు అటూ ఇటూ రెండు కాళ్లు పెట్టి లేపితే నేరుగా వస్తుంది, తల తెగదు. బయటి నుంచి, కనబడే ప్లాస్టిక్ మీద ఆనించి మాత్రం ఎప్పుడూ వద్దు.

మిగతా నైలాన్ ముక్కల్లో సన్నగా పుల్లలా ఉన్నది మొదటి నెలలోనే పోయింది. మే నెల, మధ్యాహ్నం, కారు ఎండలో ఉంది, ఏసీ గ్రిల్ చుట్టూ పట్టీ తీద్దామని దూర్చితే మెత్తబడి వంగిపోయింది, ఇంకొంచెం బలం పెడితే మెడ దగ్గర తెల్లగా మారి విరిగింది. కొక్కెం ఆకారంలో ఉన్నదానికి నాలుగేళ్లలో పని దొరకలేదు. స్టీరియో తాళంచెవులు మన దగ్గర కార్లలో దేనికి పడతాయో చూద్దామని నలుగురి కార్లలో ప్రయత్నించాను, ఒక్కదానికీ పడలేదు. మావాటికి స్టీరియో చుట్టూ ఉన్న ఫ్రేమ్ క్లిప్పులు వదిలిస్తే లోపల మామూలు స్క్రూలే ఉంటాయి.

వెడల్పు బద్ద కొస రెండేళ్లకు పీచులు పీచులుగా లేచింది. పారేయొద్దు, ఉప్పుకాగితం మీద రెండు వైపులా నాలుగు రాకులు రాకితే మళ్లీ కొత్తదే.

సెట్‌లో లేనిది, విడిగా 450 రూపాయలు పెట్టి కొన్నది, క్లిప్ ప్లయర్. దీన్ని ముందే కొనాల్సింది. బంపర్ కింద, చక్రం పైన బురద ఆపే ప్లాస్టిక్ లైనర్‌కు, ఇంజిన్ పైన మూతలకు ఉండే గుండ్రటి బటన్ క్లిప్పులకు ఇది. సన్నని రెండు దవడలు బటన్ తల కింద దూరుతాయి, పిడి నొక్కితే తల నిటారుగా పైకి లేస్తుంది. కానీ ముందు ఆ బటన్ ఏ రకమో చూసుకోవాలి, ఇక్కడే నేను పది పన్నెండు పోగొట్టుకున్నాను. ఒక రకానికి నడుమ పుల్లను పైకి లేపాలి, దాని తల పక్కన టూల్ దూరేంత చిన్న గాడి ఉంటుంది. ఇంకో రకానికి గాడి ఉండదు, నడుమ భాగాన్ని కొంచెం లోపలికి నొక్కితే కాళ్లు ముడుచుకుని క్లిప్పు వదులవుతుంది. నొక్కాల్సినదాన్ని లాగితే తల ఊడి చేతిలోకొస్తుంది, కాళ్లు లోపలే ఉంటాయి. నొక్కే రకాన్ని తిరిగి పెట్టేటప్పుడు వెనకనుంచి పుల్లను ముందుకు తోసి తల బయటికి ఉబ్బేలా చేసి, రంధ్రంలో పెట్టి, అప్పుడు తలను సమంగా నొక్కాలి. ఇది తెలియక ఒకసారి అలాగే గుచ్చి పెట్టాను, ధర్మవరం పోయి వచ్చేసరికి లైనర్ వేలాడుతోంది.

మన వైపు ఇంకో తిప్పలు దుమ్ము. ఆ బటన్ల నడుమ ఎర్రమట్టి కూరుకుని, వానకు తడిసి, ఎండకు కాలి సిమెంటులా ఉంటుంది. నొక్కినా దిగదు, లాగినా రాదు. ఆ బ్రష్షుకు అప్పుడు పని దొరికింది కానీ దాని వెంట్రుకలు రెండోసారికే రాలిపోయాయి, ఇప్పుడు పాత పళ్ల బ్రష్షు వాడుతున్నాను. సబ్బునీళ్లు కొట్టి, పది నిమిషాలు ఆగి, రుద్ది, అప్పుడు టూల్. తొందరపడితే విరిగేదే.

ఎండ ఇంకో రకంగా కూడా పని చేస్తుంది. పన్నెండేళ్లు ఎండలో నిలబడిన కారు ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది, అందులోనూ డిసెంబరు పొద్దున చల్లటిపూట తీస్తే అప్పడంలా విరుగుతుంది. మిట్ట మధ్యాహ్నం అయితే పైన చెప్పినట్టు టూలే వంగుతుంది, చేయీ కాలుతుంది. నేను కారును సాయంత్రం దాకా ఎండలో ఉంచి, నీడకు తెచ్చి, ఒక టీ తాగి వచ్చి మొదలుపెడతాను. క్లిప్పులు గోరువెచ్చగా ఉండి వంగుతాయి, విరగవు. తిరిగి పెట్టేటప్పుడు నైలాన్ క్లిప్పులను బాగా వేడినీళ్లలో ఒక అరగంట వేసి తీస్తాను. నైలాన్ నీటిని పీల్చుకుంటుంది, పీల్చుకున్న కొద్దీ పెళుసు తగ్గి సాగే గుణం వస్తుంది, మన గాలిలో తేమ ఎంత తక్కువో మనకు తెలిసిందే కదా. వంటింటి గిన్నె వాడినందుకు ఇంట్లో తిట్లు తిన్నాను, ఇప్పుడు దానికి వేరే డబ్బా ఉంది.

ఒక్క విషయంలో మాత్రం టూల్ ఎంత మంచిదైనా చేయి పెట్టకండి, తెలిసేదాకా. ముందు అద్దం పక్క స్తంభాల ప్లాస్టిక్. మా బామ్మర్ది కొత్త కారుకు డ్యాష్‌క్యామ్ (ముందు రోడ్డును రికార్డు చేసే కెమెరా) వైరు దాచమని తెచ్చాడు, ఆరు ఎయిర్‌బ్యాగుల కారు. స్తంభం మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంది. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (గుద్దుకున్నప్పుడు పక్క అద్దాల మీదికి పరదాలా దిగేది) పైకప్పు అంచు వెంట మడిచి ఉంటుంది, అక్కడ వైరు దాని ముందు నుంచి అడ్డంగా పోతే అది విచ్చుకునేటప్పుడు అడ్డం పడుతుంది. వైరు వెనక నుంచే పోవాలి. ఆ స్తంభం ప్లాస్టిక్‌ను పట్టి ఉంచే క్లిప్పులు కొన్ని కార్లలో ఒకసారి తీస్తే మళ్లీ వాడకూడనివి, కొత్తవి వేయాల్సిందే. పసుపు రంగు కనెక్టర్ కనబడితే ముట్టుకోవద్దు. "బావా, నువ్వు చేస్తావనే కదా తెచ్చింది" అని మొహం ముడుచుకున్నాడు. అయినా స్తంభం జోలికి పోకుండా సర్వీస్ సెంటర్‌కే పంపించాను, వెనక సీటు పక్క పట్టీల కింద వైరు మాత్రం ఇంట్లోనే పెట్టాను.

క్లిప్పుల కొనుగోలు మీద ఒక మాట. ఆన్‌లైన్‌లో వందల కలగాపులగం క్లిప్పుల డబ్బా వస్తుంది, నేనూ కొన్నాను, అందులో నా కారుకు సరిపోయినవి రెండు రకాలే. రంధ్రం 8 మిల్లీమీటర్లయితే 7 మిల్లీమీటర్ల క్లిప్పు దూరుతుంది, నిలబడదు, మళ్లీ కిటకిట మొదలు. ఇప్పుడు పాత క్లిప్పు ఒకటి జేబులో వేసుకుని స్పేర్ పార్ట్స్ షాపుకు పోయి, పక్కపక్కన పెట్టి చూసి తెచ్చుకుంటాను, ఒక్కోటి అయిదు నుంచి పది రూపాయలు. పని మొదలుపెట్టే ముందే అయిదారు ఎక్కువ తెచ్చి పెట్టుకుంటాను, మధ్యలో ఆగితే విప్పిన తలుపుతో షాపుకు పోలేం. తలుపు రేకులో ఉండిపోయిన క్లిప్పులను ఫోర్కుతో తీసి, ముందు ప్యాడ్ వెనక గూళ్లలో కూర్చోబెట్టి, అప్పుడు ప్యాడ్ పైకి వేలాడదీసి అరచేత్తో ఒక్కో క్లిప్పు మీద కొడితే టక్‌మని దిగుతాయి. శబ్దం రాని చోట దిగలేదని అర్థం.

మొన్న గేరు చుట్టూ ఉన్న కన్సోల్ తీశాను. కింద చెనక్కాయ పొట్టు ఒక గుప్పెడు, మూడు రూపాయి బిళ్లలు, మా పాప రెండేళ్ల కింద పోగొట్టిన చెవికమ్మ దొరికాయి. ఆ కమ్మ కోసం అప్పట్లో ఇల్లంతా వెతికాం.

మళ్లీ కొనాల్సి వస్తే 11 ముక్కల సెట్ కొనను, అయిదు ముక్కల నైలాన్ సెట్, ఫోర్కు, ప్లయర్, అంతే. డిక్కీ తలుపు లోపలి ప్యాడ్ మాత్రం ఇంకా తీయలేదు. అందులోంచీ ఏదో శబ్దం వస్తోంది, కానీ దాని క్లిప్పులు వేరే రకం, షాపాయన వచ్చే వారం తెప్పిస్తానన్నాడు.