జాగ్రత్త: యూరప్ రైల్ పాస్‌తో పాటు "సీట్లు కూడా కన్ఫర్మ్" అనే ఏజెంట్లు

సెలవుల్లో యూరప్ వెళ్లేవాళ్లు, ముఖ్యంగా పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు, ఏజెంటుకు డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

హైదరాబాద్‌లో ఒక ట్రావెల్ ఏజెంట్ దగ్గర మా నలుగురికీ యూరైల్ పాస్‌లు (ఒకే పాస్‌తో చాలా యూరప్ దేశాల రైళ్లలో తిరిగేవి) తీసుకున్నాం. "పాస్ ఉంటే ఏ రైలైనా ఎక్కొచ్చండీ, సీట్ల సంగతి కూడా నేనే చూస్తా" అని రిజర్వేషన్లకు విడిగా డబ్బు తీసుకున్నాడు. అదీ యూపీఐలోనే కట్టాలన్నాడు, కార్డుకు ఒప్పుకోలేదు. చేతికొచ్చింది ఒక పీడీఎఫ్. పారిస్ నుంచి జ్యూరిక్, అక్కణ్ణుంచి మిలాన్, తర్వాత వెనిస్ అని పట్టిక వేసి, ప్రతి రైలు పక్కనా పచ్చరంగులో "కన్ఫర్మ్‌డ్" అని రాసి ఉంది. కోచ్ నంబరు లేదు, సీటు నంబరు లేదు, క్యూఆర్ కోడ్ లేదు. అదేంటని అడిగితే "అక్కడ చూపిస్తే చాలు" అన్నాడు.

చాలలేదు. పారిస్ గార్ ద లియోఁ స్టేషన్‌లో మా పేర్ల మీద ఆ రైల్లో సీట్లే లేవన్నారు. పాస్ ఉన్నవాళ్లకు ఇచ్చే సీట్లు ఎప్పుడో అయిపోయాయట. మామూలు టికెట్లు మాత్రం ఉన్నాయి, అప్పటికప్పుడు కొనే ధరకి. మోకాళ్ల నొప్పితో అమ్మ జనం మధ్యలోనే సూట్‌కేస్ మీద కూర్చుండిపోయింది. నలుగురికీ కలిపి ఐదు వందల యూరోలకు పైనే పెట్టి ఎక్కాం. ఏజెంట్ ఫోన్ ఎత్తలేదు. సాయంత్రానికి "పీక్ సీజన్ కదండీ" అని ఒక మెసేజ్ పెట్టాడు. పీక్ సీజన్ అని తెలిసే కదా ముందుగా డబ్బు తీసుకున్నది!

మనకు ఇక్కడ ఒకే టికెట్‌లో ఛార్జీ, బెర్తు రెండూ వచ్చేస్తాయి. అక్కడ పాస్ అంటే ఛార్జీ మాత్రమే. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో లోపల తిరిగే రైళ్లు చాలావరకు పాస్ చూపించి ఎక్కేయొచ్చు. ఫ్రాన్స్ టీజీవీలు, ఇటలీ ఫ్రెచ్చారోస్సాలు, స్పెయిన్ ఏవీఈలు లాంటి హైస్పీడ్ రైళ్లు, లండన్ వెళ్లే యూరోస్టార్, రాత్రి రైళ్లకు మాత్రం పాస్ ఉన్నా సీటు విడిగా డబ్బు కట్టి బుక్ చేసుకోవాల్సిందే. యూరోస్టార్, పారిస్-జ్యూరిక్ లిరియా లాంటి వాటిలో పాస్ వాళ్లకు కొన్ని సీట్లే కేటాయిస్తారు. అవి అయిపోతే రైలు సగం ఖాళీగా ఉన్నా పాస్ మీద ఎక్కనివ్వరు. మన ఆర్ఏసీ, తత్కాల్ లాంటివేవీ ఉండవు. జర్మనీలోనో, నెదర్లాండ్స్‌లోనో ఉంటూ ఇంటర్‌రైల్ పాస్ (యూరప్‌లో నివసించేవాళ్లకు ఇచ్చే ఇలాంటి పాసే) కొనే మనవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

కాబట్టి ఏజెంట్ ఇచ్చిన కాగితంలో ప్రతి రైలుకూ బుకింగ్ కోడ్, కోచ్, సీటు నంబర్లు ఉన్నాయో లేదో ఇంట్లో ఉండగానే చూడండి. లేకపోతే అది రిజర్వేషన్ కాదు, వీసా ఫైల్లో పెట్టే ప్రయాణ ప్రణాళిక లాంటిదే. పాస్ కొనకముందే లిరియా, యూరోస్టార్‌లలో మీ తేదీకి పాస్ సీట్లు ఉన్నాయో లేదో యూరైల్ సైట్‌లో చూసుకోండి. అవి దొరికాకే తేదీలు ఖాయం చేసుకోండి.

సీటు దొరకనివాళ్లకు మాకు తర్వాత తెలిసిన దారి ఒకటుంది. పారిస్ ఎస్ట్ స్టేషన్ నుంచి స్ట్రాస్‌బూర్ దాకా టీజీవీ, దానికి రిజర్వేషన్ కావాలి. అక్కణ్ణుంచి బాసెల్‌కు ప్రాంతీయ రైలు, బాసెల్ నుంచి జ్యూరిక్‌కు స్విస్ రైలు. ఈ రెండింటికీ రిజర్వేషన్ అక్కర్లేదు. అలాగే స్విట్జర్లాండ్ కొండల్లో నడిచే టూరిస్టు రైలు బెర్నినా ఎక్స్‌ప్రెస్ సీట్లు అయిపోయాయని ఎవరైనా భయపెడితే కంగారు పడకండి. సెయింట్ మోరిట్జ్, తిరానోల మధ్య అదే పట్టాల మీద మామూలు రైళ్లు నడుస్తాయి, పాస్‌తో నేరుగా ఎక్కొచ్చు. కొండలూ, మంచూ అవే.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. ఆ పీడీఎఫ్, యూపీఐ రసీదు, ఏజెంట్ మెసేజ్‌లు అన్నీ దాచిపెట్టాం. మీ దగ్గరా ఇలాంటి పచ్చరంగు "కన్ఫర్మ్‌డ్" పట్టిక ఉంటే, ఈ రోజే ఆ ఏజెంటును బుకింగ్ కోడ్‌లు అడగండి.