4-3-2 పద్ధతి: ఇంగ్లిష్ క్లాసులో చాలాకాలం వాడాక

ఒకే విషయాన్ని మొదట 4 నిమిషాలు, తర్వాత 3, ఆఖరున 2 నిమిషాలు, ప్రతిసారీ కొత్త మనిషికి చెప్పాలి. పద్ధతి ఇంతే. దీన్ని 1983లో కీత్ మారిస్ రాస్తే, 1989లో భాషాబోధన పరిశోధకుడు పాల్ నేషన్ వ్యాసంతో టీచర్లకు బాగా తెలిసింది. పుస్తకం అక్కర్లేదు, ల్యాబ్ అక్కర్లేదు, ఫోన్‌లో టైమర్ ఉంటే చాలు. తడబాటు తగ్గడానికి నేను వాడినవాటిలో దీన్ని మించింది లేదు. దీంతో గ్రామర్ కూడా దానంతటదే బాగుపడుతుందని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి.

చాలా క్లాసుల్లో స్పీకింగ్ ప్రాక్టీస్ అనగానే జామ్ (జస్ట్ ఎ మినిట్) పెడతారు. దానికి మూలం 1967లో మొదలైన బీబీసీ రేడియో ఆట. ఆగకుండా, అన్నమాట మళ్లీ అనకుండా, విషయం దాటకుండా నిమిషం మాట్లాడాలి. అది మాటకారుల కోసం పెట్టిన పోటీ, నేర్చుకునేవాళ్ల కోసం కాదు. పైగా లెక్క చూడండి: 60 మంది క్లాసులో తలా నిమిషం ఇస్తే ఒక్కొక్కరు మాట్లాడేది 1 నిమిషం, కూర్చుని వినేది 59. అదే 4-3-2లో సగం క్లాసు ఒకేసారి మాట్లాడుతుంది. తలా 9 నిమిషాలు, రెండు జట్లకూ కలిపి 18. కదలడానికి, సర్దుకోవడానికి ఇంకో ఐదారు పోయినా 45 నిమిషాల పీరియడ్‌లో తప్పులు దిద్దే టైమ్ మిగులుతుంది. గోల మాత్రం తప్పదు, పక్క క్లాసులో ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

రెండు వరసలు ఎదురెదురుగా నిలబెట్టాలి. రౌండ్ అయ్యాక ఒక వరసే ఒక్క అడుగు జరగాలి, చివరివాళ్లు మొదటికి రావాలి. రెండు వరసలూ కదిలితే ఎవరి జత ఎవరో తేలేసరికి రెండు నిమిషాలు హుష్. బెంచీలు కదలకపోతే బేసి వరసలవాళ్లను వెనక్కి తిప్పి కూర్చోబెట్టండి. ఒకరు మిగిలితే ఎక్కడో ఒకచోట ఇద్దరు శ్రోతలు, దాని వల్ల నష్టమేమీ లేదు. వినేవాళ్లు మధ్యలో దిద్దకూడదు, ప్రశ్న అడగకూడదు. కానీ ఊరికే నిలబెడితే దిక్కులు చూస్తారు కాబట్టి రౌండ్ కాగానే విన్నదాంట్లో ఒక సంగతి తిరిగి చెప్పమనండి.

ఇంగ్లిష్‌లో ఇప్పుడిప్పుడే మాట్లాడేవాళ్లకు 4 నిమిషాలు శిక్షే. నిమిషంన్నరకే సరుకు అయిపోయి తెలుగులోకి దిగిపోతారు. వాళ్లకు 3-2-1 సరిపోతుంది. చేతిలో చీటీ ఉండొచ్చు గానీ దాని మీద ఐదారు పదాలే ఉండాలి. వాక్యాలు రాసుకోనిస్తే మొదటి రౌండ్‌లో చదువుతారు, మూడో రౌండ్‌లో అదే గబగబా చదువుతారు.

టైమ్ తగ్గించడంలో ఉన్న కిటుకు తొందరపెట్టడం కాదు. ఏం చెప్పాలో మొదటిసారికే తేలిపోతుంది, కొత్తది చేర్చడానికి తర్వాత వ్యవధి ఉండదు. దాంతో ధ్యాసంతా ఎలా చెప్పాలన్నదాని మీదికి మళ్లుతుంది. మొదటి రౌండ్‌లో ‘యెస్టర్‌డే... ఐ... ఐ వెంట్ టు... ఆ... బస్‌స్టాండ్, బట్... బస్... ఆల్రెడీ వెంట్’ అన్న విద్యార్థి మూడో రౌండ్‌కి ‘యెస్టర్‌డే ఐ మిస్డ్ ద బస్’ అంటాడు. ఎవరూ నేర్పలేదు. ఆ మాట వాడికి ముందే వచ్చు, సమయానికి నోటికి అందలేదంతే. శ్రోత మారడం కూడా అందుకే. విన్నవాడికే మళ్లీ చెప్పమంటే ‘అదే, ఇందాక చెప్పానుగా’ అని సగం మింగేస్తారు.

ఇక అసలు లోపం. మూడుసార్లు చెబితే తప్పు కూడా మూడుసార్లు సాధన అవుతుంది. ‘డిస్కస్ అబౌట్’, ‘డిడ్ నాట్ వెంట్’, ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ లాంటివి మొదటి రౌండ్‌లో ఉంటే మూడోదాంట్లోనూ ఉంటాయి, కాకపోతే ఇంకాస్త ధీమాగా. ఇలా తప్పులు రౌండ్ నుంచి రౌండ్‌కి పాకడాన్ని 2014లో ఫ్రాంక్ బూర్స్ పరిశోధన వ్యాసం కూడా ఎత్తి చూపింది. నాకు పనిచేసిన విరుగుడు ఒకటే: మొదటి రౌండ్ నడుస్తుండగా ఐదారు జతల దగ్గర ఆగి వినడం, ఆ రౌండ్ ముగియగానే మూడంటే మూడు తప్పు వాక్యాలు పేర్లు చెప్పకుండా బోర్డు మీద రాయడం, క్లాసు చేతే దిద్దించి రెండేసి సార్లు పైకి అనిపించడం. రెండు మూడు నిమిషాల పని. అన్ని రౌండ్లూ అయ్యాక దిద్దితే రాసుకుంటారు గానీ నోటికి పట్టదు. పది తప్పులు రాసినా అంతే, మాట్లాడేటప్పుడు ఒక్కటీ గుర్తుకు రాదు.

టాపిక్ విషయంలో పొదుపుగా ఉండాలి. ‘గ్లోబలైజేషన్’, ‘సోషల్ మీడియా లాభనష్టాలు’ లాంటివి ఇస్తే వ్యాసాల పుస్తకంలోని వాక్యాలే బయటికొస్తాయి. పంక్చర్ ఎలా వేస్తారు, పోయిన ఫోన్ ఎలా దొరికింది, డాక్టర్‌కి లక్షణాలు ఎలా చెప్పాలి... ముందు, తర్వాత, చివరికి అనే వరస ఉన్నది ఏదైనా నడుస్తుంది.

ప్రెజెంటేషన్‌కి ముందు రిహార్సల్‌గా దీన్ని వాడటం ఇంకా లాభం. స్లైడ్లు లేకుండానే 4-3-2 చేయించి, 2 నిమిషాల్లో మిగిలినదానికే స్లైడ్లు చేయమనాలి. తలా తోకా లేని సగం స్లైడ్లు అక్కడే రాలిపోతాయి. తర్వాత పెచకుచ (స్లైడ్లు వాటంతటవే మారిపోయే ప్రెజెంటేషన్) పెట్టాలనుకుంటే 2003లో టోక్యోలో మొదలైన అసలు కొలత, అంటే 20 స్లైడ్లు, ఒక్కోదానికి 20 సెకన్లు, మొత్తం 6 నిమిషాల 40 సెకన్లు, క్లాసుకు ఎక్కువ. 5 స్లైడ్లు చాలు. నిమిషానికి వంద పదాలు మాట్లాడే విద్యార్థికి 20 సెకన్లలో పట్టేది ముప్పై పైచిలుకు పదాలే, అంటే మూడు చిన్న వాక్యాలు. నాలుగోది పెట్టుకున్నవాళ్ల స్లైడు వాళ్లకన్నా ముందు వెళ్లిపోతుంది, ఇక అక్కడి నుంచి పరుగే. స్లైడు మారిపోతే పాత వాక్యం పూర్తి చేయాలని చూడకుండా కొత్త స్లైడు మొదటి మాట అందుకోమని ముందే చెప్పి, ఒకసారి కావాలనే అలా చేయించాలి.

వారానికి ఒకసారికి మించి చేస్తే విసుగొస్తుంది. మొదటి, మూడో రౌండ్లలో చివరి అర నిమిషం ఫోన్‌లో రికార్డు చేసుకుని, ఎన్నిసార్లు ‘ఆ...’ అన్నారో వాళ్లనే లెక్కపెట్టుకోమనండి. మార్కులు మాత్రం ఆ లెక్కకు కట్టొద్దు. కడితే ‘ఆ...’ మానేసి గుటకలు మింగుతారు.