పాల టెస్ట్ చేయించాం అంటే, ఏ టెస్టో అడగండి

పాడి ఆవు కొనబోతున్నవాళ్లు ఇది దయచేసి చదవండి. మాకు ఆవును అమ్మినవాళ్లు "పాల టెస్ట్ చేయించాం, ఏ రోగమూ లేదు" అని కాగితం చూపించారు. నమ్మి కొన్నాం. ఏడో నెల చూడిలో ఆవు ఈసుకుపోయింది, అంటే నెలలు నిండకుండానే దూడ పడిపోయింది. మాయ పడకపోతే అన్నయ్య ఒట్టి చేతులతోనే తీశాడు. మూడు వారాలకు అన్నయ్యకు జ్వరం మొదలైంది. రాత్రుళ్లు ఒళ్లంతా చెమటలు, కీళ్లనొప్పులు. ఆవుకీ మనిషికీ రక్తపరీక్షలో ఒకటే తేలింది: బ్రూసెల్లోసిస్, పశువుల నుంచి మనుషులకూ అంటుకునే రోగం. అన్నయ్య ఆరు వారాలు రెండు రకాల మందులు వాడాల్సి వచ్చింది.

పశువుల డాక్టరుగారికి ఆ కాగితం చూపిస్తే, అది పొదుగువాపు పరీక్ష అన్నారు. పాలలో కణాలు పెరిగాయా లేదా అన్నదే అందులో తెలుస్తుంది. బ్రూసెల్లా (ఈ రోగం తెచ్చే క్రిమి) ఉన్న ఆవు పొదుగు మామూలుగానే ఉండొచ్చు, పాలు చూడటానికి శుభ్రంగానే ఉంటాయి. ఒకసారి ఈసుకుపోయిన ఆవు తర్వాతి ఈతలో మంచి దూడనే వేసినా, పాలలో క్రిమి వస్తూనే ఉండొచ్చు. మాకు ఇది ముందే తెలిసి ఉంటే బాగుండేది.

ఈ రోగానికి పాలతో చేసే పరీక్ష వేరే ఉంది, రింగ్ టెస్ట్ అంటారు. ఒక మిల్లీలీటరు పాలలో రంగు వేసిన, చచ్చిన బ్రూసెల్లా క్రిములున్న ద్రావణం చిన్న చుక్క కలిపి, 37 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచుతారు. పాలలో ఆ రోగానికి యాంటీబాడీలు (క్రిమిని ఎదిరించడానికి ఒంట్లో తయారయ్యేవి) ఉంటే అవి రంగు క్రిములను పట్టుకుని మీగడతోపాటు పైకి తేలతాయి. పైన నీలం వలయం, కింద తెల్లటి పాలు కనిపిస్తాయి. లేకపోతే పాలన్నీ నీలంగా ఉండి మీగడ తెల్లగా ఉంటుంది.

అయితే ఇది మంద మొత్తం పాలను జల్లెడ పట్టడానికి పనికొచ్చే పరీక్ష. ఒక్క ఆవు పాలతో తీర్పు చెప్పడం కుదరదు. జున్నుపాలు, పొదుగువాపు పాలు, ఒట్టిపోయే ముందు పాలు, ఈమధ్యే టీకా వేసిన ఆవు పాలు రోగం లేకున్నా వలయం చూపించొచ్చు. అమ్మేవాళ్లు వలయం రాలేదన్నా సరే, మీరు కొనే ఆవు రక్తమే పరీక్ష చేయించండి. రోజ్ బెంగాల్, ఎలిసా అని పేరు పెట్టి అడగండి. టీకా వేశారా, ఎప్పుడు వేశారు అన్నదీ డాక్టరుకు చెప్పాలి. చూడి ఆవైతే ఈనిన కొన్ని వారాలకు మళ్లీ చేయించాలి. రోగం అంటిన కొత్తలో, ఈనే సమయంలో పరీక్షకు దొరక్కపోవచ్చు.

ఇప్పటికే కొనేసి అనుమానం ఉంటే, టెన్షన్‌లో ఆవును ఇంకొకరికి అమ్మేయకండి. రక్తపరీక్ష రిపోర్టు వచ్చేదాకా విడిగా కట్టేయండి. పాలు కాచకుండా ఎవరికీ పోయకండి. ఈసుకుపోతే మాత్రం దూడనూ మాయనూ గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే, పశువులున్నాయని డాక్టరుకు ముందే చెప్పండి.