పాత కారు కొనేవారు ముందు రేడియేటర్ అంచు చూడండి

కోనసీమలో గానీ, ఇటు భీమవరం, పాలకొల్లు వైపు గానీ పాత కారు కొనే ఆలోచనలో ఉన్నవారికి ఈ హెచ్చరిక. పగిలిన రేడియేటర్‌ను పైపైన అతికించి, ఆ సంగతి బయటపడకుండా మరో రెండు పనులు చేసి అమ్మిన బండి మా ఇంటికి వచ్చింది. హైవే పక్కన పాత కార్లు అమ్మే ఒక వ్యాపారి మా అన్నయ్యకు దాన్ని అంటగట్టాడు. పన్నెండేళ్ల పెట్రోలు కారు. రంగు మెరుస్తోంది, సీట్లు శుభ్రంగా ఉన్నాయి. ముందు బంపర్ కింద తడి కనిపించి అడిగితే "ఏసీ నీళ్లండీ, కంగారు పడకండి" అన్నాడు.

రాజోలు నుంచి వస్తూ చించినాడ వంతెన దాటాక బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. విచిత్రమేమిటంటే వేడి చూపించే ముల్లు సగానికి కిందే ఉంది. దీన్ని అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఆ ముల్లుకు కబురు చెప్పే సెన్సార్ నీటిలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. నీరంతా కారిపోతే ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు కిందికి పడిపోవచ్చు. ఆవిరి గానీ తియ్యటి ఘాటు వాసన గానీ వస్తే ముల్లును నమ్మకండి, వెంటనే పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయండి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం తిప్పకండి, మరిగే నీరు ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

షెడ్డులో రేడియేటర్ విప్పించాం. ఈ కాలపు రేడియేటర్లలో మధ్య భాగం అల్యూమినియం, అంచుల్లోని ట్యాంకులు నల్లటి ప్లాస్టిక్. రెండింటినీ లోహపు అంచు మడిచి బిగిస్తారు. సరిగ్గా ఆ మడత పక్కన వెంట్రుకంత పగులు, దాని మీద ఎంసీల్ ముద్ద, ముద్ద కనిపించకుండా నల్లరంగు. మెకానిక్ గోటితో గీకితే రంగు పొరగా లేచి వచ్చింది. ప్లాస్టిక్ ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి పెళుసుబారుతుంది. వేడెక్కినప్పుడు లోపల సుమారు ఒక బార్ ఒత్తిడి పుడుతుంది. పైన పూసిన ముద్ద ఆ ఒత్తిడిని ఎన్నాళ్లో తట్టుకోదు. చల్లగా ఉన్నప్పుడు చుక్క కారదు, ఎండలో నాలుగు ఊళ్లు దాటితే విడిచిపెడుతుంది. పాత అంబాసిడర్లకు ఇత్తడి, రాగి రేడియేటర్లు ఉండేవి, వాటికి మాటు వేస్తే నిలిచేది. ఆ అలవాటుతోనే కొందరు "అతికించేద్దాం" అంటారు. ప్లాస్టిక్ ట్యాంకుకు అది కుదరదు.

ఇక ఈ పగులు బయటపడకుండా చేసిన ఆ రెండు పనులు నాకు మరీ కోపం తెప్పించాయి. ఇంజిన్ వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌లోకి పోనివ్వని థర్మోస్టాట్‌ను పీకేశారు, తాళం తిప్పగానే ఫ్యాన్ తిరిగేలా వైరు డైరెక్ట్ చేశారు. కొనేవారు ఊరి చివరి దాకా నడిపి చూస్తారు కదా, ఆ కాసేపట్లో ఇంజిన్ వేడెక్కనే వేడెక్కదు, లోపం బయటపడదు. పైగా లోపల కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే రంగు ద్రవం) లేదు, వట్టి బోరు నీళ్లు. తీరానికి దగ్గరి మన ఊళ్లలో చాలా బోర్లు ఉప్పగా ఉంటాయి. ఆ ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది, సన్నటి గొట్టాల్లో గార పేరుకుంటుంది. రంగు లేని నీరు కాబట్టి ఏసీ నీళ్లని బుకాయించడం కూడా తేలిక.

చివరికి ఇంజిన్ పైభాగమైన సిలిండర్ హెడ్ వంగింది, దాని కింద సీలుగా ఉండే గాస్కెట్ పోయింది, నీరు కలిసి ఆయిల్ పాల టీ రంగుకు తిరిగింది. కొత్త రేడియేటర్ ఖర్చుకు ఎన్నో రెట్లు ఇంజిన్ పనికి అయింది.

అందుకే బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. అప్పుడు రేడియేటర్ మూత తీసి చూడండి, రంగు కూలెంట్ ఉండాలి. తుప్పు నీరో, వట్టి నీరో ఉంటే అక్కడే ఆగండి. టార్చి వేసి ట్యాంకు మడత వెంట చూపు నడపండి. తెల్లటి, పచ్చటి ఎండిన చార, కొత్తగా వేసిన రంగు, ఉబ్బిన ముద్ద, వీటిలో ఏది కనిపించినా అనుమానించాలి. ఏసీ ఆపి తాళం తిప్పండి, చల్లటి ఇంజిన్‌కు ఫ్యాన్ వెంటనే తిరగకూడదు. తర్వాత బండిని కదపకుండా ఇంజిన్ నడవనివ్వండి, ఫ్యాన్ తనంతట తాను తిరిగి, తనంతట తాను ఆగేదాకా ఓపిక పట్టండి. ఏసీ నీరు సాధారణంగా ఇంజిన్‌కు వెనక, డాష్‌బోర్డు కింది వైపు కారుతుంది. ముందు బంపర్ కింద తడి ఉంటే ఆ మాట నమ్మవద్దు. మంచి షెడ్డులో చేతి పంపుతో ప్రెషర్ పరీక్ష చేయిస్తే వెంట్రుకవాసి పగులు కూడా దొరుకుతుంది.

పగులు కనిపించినా బండి నచ్చితే కొత్త రేడియేటర్, కొత్త మూత, డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. లీకు ఆపే పొడి పోస్తామంటే ఒప్పుకోవద్దు, అది గొట్టాలను మూసేస్తుంది.

వ్యాపారి "అమ్మాక మాకు సంబంధం లేదు" అన్నాడు. కాగితం మీద "ఉన్నది ఉన్నట్టుగా" అని రాయించుకున్నాడు. మేం విప్పిన రేడియేటర్ ఫోటోలు, మెకానిక్ రాసిచ్చిన బిల్లు దాచి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు ఇచ్చాం. మీరు అడ్వాన్సు ఇచ్చే ముందే, రేడియేటర్, హెడ్ గాస్కెట్ బాగున్నాయని రసీదు మీద రాసి సంతకం పెట్టమనండి. పెట్టనంటే అడ్వాన్సు జేబులోనే ఉంచుకుని వచ్చేయండి.