మెర్లో కొనాలంటే సాంతేమిలియోన్ దాటి కాస్తియోన్ దాకా

ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతానికి మెర్లో (ఒక నల్ల ద్రాక్ష, దానితో చేసే ఎర్ర వైన్) కోసం వచ్చేవాళ్ళు ముందు సాంతేమిలియోన్ అనే ఊరికే వెళ్తారు. ఊరు చూడదగ్గదే. 1999లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. రాతిని తొలిచి కట్టిన నేలమాళిగ చర్చిలోకి గైడ్ లేకుండా పంపరు, టికెట్ పర్యాటక కార్యాలయంలో ఇస్తారు. అన్నిటికీ ఒక పూట చాలు. సీసాలు మాత్రం అక్కడి వీధుల్లో కొనకండి, సగం డబ్బు ఊరి పేరుకే పోతుంది. అదే సున్నపురాయి మెట్ట తూర్పుగా సాగి పక్కనున్న కాస్తియోన్‌లోకి వస్తుంది. అక్కడ కూడా పంటలో ఎక్కువ భాగం మెర్లోనే, కాబెర్నే ఫ్రాంక్ అనే మరో ద్రాక్ష కొంత కలుపుతారు. రైతు దగ్గరే కొంటే 10-15 యూరోల్లో మంచి సీసా దొరుకుతుంది. లేబుల్ మీద ‘కాస్తియోన్ కోత్ ద బోర్డో’ అని చూసుకోండి. బాగా పాత పంటలకైతే ‘కోత్ ద కాస్తియోన్’ అనే పాత పేరుంటుంది.

బసకు దగ్గర్లోని లిబోర్న్ పట్నం మేలు. సాంతేమిలియోన్ గదుల కన్నా ఖర్చు తక్కువ, పైగా బోర్డో నుంచి బెర్జెరాక్ వైపు వెళ్ళే రైలు లిబోర్న్, సాంతేమిలియోన్, కాస్తియోన్ మూడింటినీ కలుపుతుంది. బండ్లు తక్కువ కాబట్టి సాయంత్రం ఆఖరి బండి వేళ ముందే రాసి పెట్టుకోండి. సాంతేమిలియోన్ స్టేషన్ నుంచి ఊళ్ళోకి సుమారు 1.5 కిలోమీటర్లు, చివర్లో ఎత్తు. కాస్తియోన్‌లో స్టేషన్ నది పక్కన, మంచి తోటలు మెట్ట మీద. కారు లేకపోతే అక్కడ కష్టం. నడిపేవాళ్ళు రుచి చూసి ఉమ్మేయాలి, దాన్ని ఎవరూ తప్పుగా అనుకోరు. రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల ఆల్కహాల్ చేరితే చట్టం ఊరుకోదు.

చిన్న రైతు దగ్గరికి చెప్పకుండా వెళ్తే తలుపు తాళం వేసి ఉంటుంది. తోటకు పురుగుమందు చల్లేదీ, సీసాలు నింపేదీ, మీకు రుచి చూపించేదీ ఆ ఇంట్లో ఒకరిద్దరే. రెండు మూడు రోజుల ముందు మెయిల్ పెట్టండి. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా, ఆదివారాలు అడగొద్దు. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా కోతలు, అప్పుడు వాళ్ళకు మాట్లాడే తీరిక ఉండదు.

సీసా మీది పర్యావరణ ముద్రలన్నీ ఒకటి కావు. ‘హెచ్‌వీఈ’ (పర్యావరణ విలువ ఎక్కువని ఇచ్చే ఫ్రెంచ్ గుర్తింపు) ఉన్నంత మాత్రాన సేంద్రియం కాదు, రసాయన మందులు వాడవచ్చు. ఆకుపచ్చ మీద తెల్ల నక్షత్రాలతో గీసిన ఆకు ఉంటేనే సేంద్రియం. మెర్లోను ఆ పద్ధతిలో పండించడం ఎంత కష్టమో తెలిస్తే ఆ సీసా విలువ తెలుస్తుంది. ఇది త్వరగా చిగురిస్తుంది, అందుకే 2017, 2021 ఏప్రిల్ మంచు దెబ్బ గట్టిగా తగిలింది. బూజు తెగులు కూడా దీనికే ముందు పడుతుంది, 2023లో తోటలకు తోటలే పోయాయి. సేంద్రియ రైతుకున్న ప్రధాన ఆయుధం రాగి లోహంతో చేసిన మందు, ఆ రాగి కూడా ఏడేళ్ళలో హెక్టారుకు 28 కిలోలు మించకూడదు. గట్టి వాన పడితే కొట్టిన మందు కడుక్కుపోతుంది, తడి బంకమట్టిలోకి ట్రాక్టరు దిగదు. ఇంత చేసినా బోర్డో సరుకు అమ్ముడుపోక, 2023లో తోటలు పీకేసేవారికి హెక్టారుకు 6,000 యూరోలిచ్చే పథకం పెట్టారు. అందుకని 12 యూరోల సీసా దగ్గర బేరమాడకండి.

రుచి చూసేటప్పుడు మొదట పీపాలో పెట్టని, సిమెంటు తొట్టిలో ఉంచిన రకం అడగండి. చాలాచోట్ల చౌకదీ, పండు రుచి తేటగా తెలిసేదీ అదే. ఖరీదైన రకంలో కొత్త ఓక్ చెక్క పీపా వాసన పండును మింగేస్తుంటుంది. వేడి ఏళ్ళ పంటల్లో ఆల్కహాల్ 14.5 శాతం దాటుతుంది, గొంతులో మంటగా అనిపిస్తే వదిలేయండి.

శాకాహారులు ఒక మాట తప్పక అడగాలి. బోర్డోలో వైన్‌ను తేటపరచడానికి 225 లీటర్ల పీపాకు ఐదారు గుడ్ల తెల్లసొన వేయడం పాత అలవాటు. ఇప్పుడు కొందరు బఠానీ ప్రోటీన్ వాడతారు, కొందరు ఏమీ వేయరు.

భారత్‌కు తెచ్చుకుంటే సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లే, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. బట్టల మధ్య చుట్టి చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. మన ఇళ్ళ వేడిలో నేరుగా పోస్తే ఆల్కహాలే తెలుస్తుంది. ముందు ఫ్రిజ్‌లో ఉంచి, 16-17 డిగ్రీలకు చల్లబడ్డాక తాగండి.