అడవి, చెరువు, సముద్రం మీద ఉచిత ఉపన్యాసాలు: నెల్లూరు, ప్రకాశం వైపు ఏళ్లుగా విన్నవాళ్ల సమీక్ష

మా వైపు ఈ ఉపన్యాసాల సీజను అక్టోబరు 2–8 వన్యప్రాణి వారోత్సవాలతో మొదలై ఫిబ్రవరి 2న చిత్తడి నేలల దినోత్సవం దాకా నడుస్తుంది. గ్రంథాలయం హాలు, హైస్కూలు వరండా, డిగ్రీ కాలేజీ సెమినార్ గది, ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ పెడతారు. టికెట్టు ఉండదు, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. ఏళ్ల తరబడి విన్నాక, కొన్నిటికి ప్రొజెక్టరు బిగించే పని కూడా చేశాక మాకు తేలింది ఇది. పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల చెరువు మీద చెప్పేవి తప్పక వినాలి. పాముల మీదవి ప్రాణాలు నిలబెడతాయి, కాకపోతే చెప్పే మనిషిని చూసుకోవాలి. ట్రెక్కింగ్, అన్వేషణ అంటూ పెట్టేవాటిలో ఎక్కువ భాగం ఫొటోల ప్రదర్శనతో సరి. విన్నవాళ్లు వచ్చే ఆదివారం బస్సెక్కి వెళ్లి ఆ చోట సొంతంగా ఏదైనా గుర్తుపట్టగలిగితేనే అది మంచి ఉపన్యాసం. మేం పెట్టుకున్న కొలత అదొక్కటే.

పులికాట్ మీద చెప్పేవాళ్లలో మంచివాళ్లు ఫ్లెమింగో ఫొటోతో మొదలుపెట్టరు, వానతో మొదలుపెడతారు. మనకు వానల్లో ఎక్కువ భాగం ఈశాన్య రుతుపవనాలవే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వాన చెరువుల్ని నింపుతుంది, సరస్సులో ఉప్పదనాన్ని తగ్గిస్తుంది. ఫ్లెమింగో తల కిందులుగా పెట్టి, ముక్కులోని దువ్వెనలాంటి అంచుతో నీటిని వడకట్టుకుని తింటుంది. అందుకే దానికి నిలబడగలిగేంత తక్కువ లోతు కావాలి. వరద ఎక్కువై నీరు లోతైన ఏడాది రోడ్డు పక్కన కనబడే గుంపులు దూరంగా వెళ్లిపోవడానికి కారణం ఇదే. ఆ గులాబీ రంగు కూడా అవి తినే నాచులోంచి, చిన్న రొయ్యల్లోంచి వచ్చే కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలది. సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతే చేపలకూ పక్షులకూ ఏమవుతుందో, జాలర్లు పూడిక తీయమని ఎందుకు అడుగుతారో కూడా చెప్పిన వక్తను మళ్లీ పిలిపించుకోండి.

నేలపట్టు సంగతి వేరు, దీన్ని పులికాట్‌తో కలిపేసి చెప్పే ఉపన్యాసాలు బోలెడు. ఫ్లెమింగోలు ఇక్కడికి మేతకు వస్తాయి, గూళ్లు కట్టేది ముఖ్యంగా గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. గూడబాతులు (పెలికాన్లు) మాత్రం నేలపట్టు చెరువులోని నీటికడప చెట్ల మీదే గూళ్లు పెట్టి పిల్లల్ని పెంచుతాయి. మేతకు పులికాట్‌కు, చుట్టుపక్కల చెరువులకు ఎగిరి వెళ్లి వస్తాయి. గుడ్డు పొదగడానికి నెల రోజులు, పిల్ల ఎగరడానికి ఇంకో మూడు నెలలు. అంటే చెరువులో నీరు ఫిబ్రవరి, మార్చి దాకా నిలవాలి. ముందే ఎండితే చెట్ల కింద రక్షణగా ఉన్న నీళ్లు పోతాయి, గూళ్లు వదిలేస్తాయి. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు ఇవే చెట్లను పంచుకుంటాయి. రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువవుతుందని రైతులకు తెలుసు కాబట్టే పక్షుల జోలికి పోరు. (2022లో జిల్లాలు విడదీశాక నేలపట్టు ఉన్న దొరవారిసత్రం, పులికాట్ పక్కనున్న సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయాయి. ఉపన్యాసాలు మాత్రం నెల్లూరులో ఇప్పటికీ వీటి చుట్టూనే తిరుగుతాయి, తిరగాలి కూడా.)

ఫ్లెమింగో పండుగ రోజుల్లో జనం ఎక్కువ, పక్షులు దూరం. ఉపన్యాసం విన్న మర్నాడు పొద్దున్నే అదే వక్తతో వెళ్లే ఏర్పాటు ఉంటే దానికి పోవాలి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు రోడ్డు సరస్సు మీదుగా తూర్పుకు పోతుంది. డిసెంబరు, జనవరిలో సూర్యుడు ఆగ్నేయంలో ఉదయిస్తాడు కాబట్టి రోడ్డుకు ఉత్తరం వైపు చూడాలి. దక్షిణం వైపు చూస్తే పక్షులు నల్లటి బొమ్మల్లా ఉంటాయి, గుర్తుపట్టలేరు. తొమ్మిది దాటితే నీటి మీద వేడిగాలి లేచి బైనాక్యులర్లలో అంతా వణుకుతుంది. కొత్తవాళ్లకు 8×42, అంటే ఎనిమిదింతలు పెద్దదిగా చూపేవి చాలు. 12× వాడితే చేయి వణుకు కూడా పన్నెండింతలవుతుంది. బురదలోకి దిగకండి. పైకి ఎండినట్టు కనబడే నేల మోకాలి దాకా దిగబడుతుంది, పైగా ఒక మనిషి ముందుకు నడిస్తే గుంపు మొత్తం లేస్తుంది. అలా లేచిన ప్రతిసారీ అవి మేతకు కేటాయించాల్సిన శక్తి ఎగరడానికి ఖర్చు చేస్తాయి.

పాముల ఉపన్యాసానికి ముందు ఒక్క మాట అడిగి తెలుసుకోండి: బతికున్న పాముల్ని పట్టుకొస్తారా? అవునంటే వెళ్లొద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం అది నేరం. పామును మెడలో వేసుకుని చూపించేవాడు చూసినవాళ్లకు భయం పోగొట్టడు, తప్పుడు ధైర్యం నేర్పుతాడు. మంచి వక్త నాలుగు పాముల దగ్గర ఎక్కువసేపు ఆగుతాడు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఒళ్లు రుద్దుకుని రంపం కోసినట్టు చప్పుడు చేసే చిన్న పింజర. కనిగిరి, పామూరు వైపు రాతి మెట్ట నేలల్లో ఈ చివరిదాని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కట్లపాము రాత్రిపూట కింద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి దాదాపు ఉండదు. తెల్లారి కడుపునొప్పి, కనురెప్పలు వాలడం మొదలయ్యేసరికి ఆలస్యమవుతుంది. మంచం, చుట్టూ బాగా దోపిన దోమతెర ఈ కాటును చాలావరకు ఆపుతాయి. కాటు పడితే బిగించి కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. కాలో చెయ్యో కదలకుండా బద్దతో వదులుగా కట్టి 108లో ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. విరుగుడు మందు ఈ నాలుగింటికీ కలిపి తయారైనదే, కాబట్టి పామును చంపి తీసుకెళ్లాల్సిన పని లేదు. ఇది చెప్పకుండా ముగిసిన పాముల ఉపన్యాసం సగమే అయినట్టు.

తీరం మీదవి తక్కువ జరుగుతాయి, ఇంకా జరగాలి. జనవరి నుంచి మార్చి దాకా రాత్రుళ్లు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకొచ్చి ఒక్కో గుంతలో వందదాకా గుడ్లు పెడతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వస్తాయి. ఇసుక వేడిని బట్టి ఆడా మగా తేలుతుంది. రోడ్డు లైట్ల వెలుతురుకు పిల్లలు సముద్రం వైపు కాక ఊరివైపు పాకుతాయి. రాత్రి నడకకు వెళితే ఎర్ర కాగితం చుట్టిన టార్చి తప్ప ఇంకేదీ వద్దు.

ఇక వెలిగొండ, నల్లమల మీది ప్రయాణ ఉపన్యాసాలు. జలపాతం, సెల్ఫీ, టెంటు, మళ్లీ జలపాతం. దారి ఏదో, అనుమతి ఎవరివ్వాలో చెప్పరు. రిజర్వు అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా పోకూడదు. ఎర్రచందనం ఉన్న చోట్ల తనిఖీ ఇంకా గట్టిది. వక్త సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటం తెర మీద పెట్టాలి. అందులో రెండు సెంటీమీటర్లు కిలోమీటరు, ఒక్కో ఎత్తు గీతకు సాధారణంగా 20 మీటర్ల తేడా. గీతలు దగ్గరగా కలిసిన చోట ఏటవాలు. ఈ మూడూ నేర్పితే చాలు, ఫొటోలు లేకపోయినా మేం కూర్చుంటాం. గూడూరు, సైదాపురం అబ్రకం, చీమకుర్తి గ్రానైటులో మెరిసే చుక్కలు ఎలా వచ్చాయో చెప్పగల భూగర్భశాస్త్రం అధ్యాపకులు దగ్గరి కాలేజీల్లోనే ఉంటారు. వాళ్లను ఎందుకు పిలవరో మాకు అర్థం కాదు.

అలాగే జెర్డాన్ సంగతి. 19వ శతాబ్దంలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేస్తూ పక్షుల్ని అధ్యయనం చేసిన మనిషి. ఇంగ్లిషులో ఆయన పేరు మీదున్న కలివికోడి అనే పక్షి (జెర్డాన్స్ కోర్సర్) అంతరించిందనుకున్నాక 1986లో కడప జిల్లా పొదల్లో, స్థానిక వేటగాడు ఐతన్న వల్ల మళ్లీ దొరికింది. నెల్లూరు వేదిక మీద దీన్ని వదిలేసి ఆఫ్రికా సింహాలు చూపించడం పెద్ద లోటు. యానాదులకు, చెంచులకు తెలిసినంత అడవి వక్తల్లో చాలామందికి తెలియదు. వాళ్లను ముందు వరసలో కూర్చోబెడితే చాలదు, మైకు ఇవ్వాలి.

నిర్వహించేవాళ్లకు హాలు విషయం. కిటికీలున్న గదిలో 3000 ల్యూమెన్ల (వెలుతురు కొలత) కన్నా తక్కువ ప్రొజెక్టరుతో సాయంత్రం ఆరున్నరకు ముందు మొదలుపెడితే తెర తెల్లబారి పోతుంది. వక్త ల్యాప్‌టాప్‌లో తెలుగు అక్షరాలు వేరే కంప్యూటర్లో డబ్బాలుగా మారతాయి, అందుకని ఫైలును పీడీఎఫ్‌గా కూడా తెచ్చుకోమని చెప్పాలి. వీడియోలు ముందే ఆ యంత్రంలోనే ఆడించి చూడాలి. హెచ్‌డీఎంఐ నుంచి పాత వీజీఏకు మార్చే ముక్క ఎప్పుడూ సంచిలో ఉండాలి. పక్షుల కూతలు ల్యాప్‌టాప్ స్పీకరులో వెనక వరసకు వినబడవు, విడిగా స్పీకరు పెట్టాలి. నలభై అయిదు నిమిషాలకు నలభై ఫొటోలు దాటకూడదు. ప్రశ్నలకు ఇరవై నిమిషాలు తప్పనిసరి, ఎందుకంటే అసలు విషయం అప్పుడే బయటికొస్తుంది. గూడు, దేవాంగపిల్లి ఉన్న చెట్టు, వీటి కచ్చితమైన చోటు తెర మీద పెట్టకూడదు. ఫొటోలో లొకేషన్ దాచివుంటుంది, పంచే ముందు తీసేయాలి.

జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన ఉంటుంది. ఉపన్యాసం చివర దానికి పేర్లు రాయించుకునే సభలు మిగతావాటికన్నా ఒక మెట్టు పైన. లెక్క అక్కడే నేర్పవచ్చు: తెర మీద గుంపు ఫొటో పెట్టి, ముందు పది పక్షుల్ని ఒకటొకటిగా లెక్కపెట్టించి, అవి తెర మీద ఎంత చోటు తీసుకున్నాయో చూసి, అంత ముక్కలు ఎన్ని పడతాయో వేయించడం. పెద్ద గుంపయితే వందల ముక్కలు. కొత్తవాళ్లు మొదట్లో సగానికి సగం తక్కువే చెబుతారు, నాలుగైదు ఫొటోలయ్యేసరికి దగ్గరపడతారు. జాబితాను ఈబర్డ్‌లో (పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైటు) ఎక్కించేటప్పుడు చెరువులో పక్షులు లేకపోయినా ఆ సంగతి రాయాలి, నీరు ఎంత ఉందో కూడా.